పంజాగుట్ట సందులో విప్పేసిన కారు

తణుకు నుంచి బయల్దేరేటప్పుడు నా సామానులో ముఖ్యమైనవి నాలుగు ఖాళీ గోనె సంచులు, ఒక దబ్బనం, ఒక పురికొస ఉండ. బస్సు క్లీనరు ఆ సంచుల్ని చూసి, "బియ్యం కోసం హైదరాబాదు వెళ్తున్నారేంటండీ, మనూళ్ళో దొరకట్లేదా?" అన్నాడు. చుట్టుపక్కల సీట్లవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను. ఒక కారుని మూటగట్టి తెచ్చుకోవడానికి వెళ్తున్నానని చెబితే ఇంకా ఎక్కువ నవ్వేవారు.

ఆ కారు సంగతి కొంచెం చెప్పాలి. హెరాల్డ్ అని పాతకాలపు చిన్న బండి. రెండే తలుపులు. దాని బానెట్టు మిగతా కార్లలాగా మూతలా లేవదు. దీపాలు, మడ్‌గార్డులతో సహా ముందు భాగం మొత్తం అద్దం వైపు నుంచి పైకి లేచి రోడ్డు మీదకి ఒరుగుతుంది. మా ఊళ్ళో ఒక లాయరు గారు అమ్మకానికి పెడితే కొన్నాను. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఆడమనిషికి ఇదేం సరదా అని అడిగేవారు. మా సందులో ఒక్క తిప్పుకి వెనక్కి తిరిగేది. నాకది చాలు.

కింద ఇనుప చట్రం తుప్పు పట్టి పోయినప్పుడు, పాత బండ్లవాళ్ళ ఫోను గుంపు ఒకదానిలో నర్సయ్య గారు దొరికారు. ఎర్రమంజిల్లో ఒక ప్రభుత్వ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. జీతం ఆఫీసులో, జీవితం ఇంటి వెనక షెడ్డులో. హెరాల్డ్ అనగానే, "పంపండ్రి, చూస్త" అన్నారు. లారీ మీద పంపాను. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు. ఫోనులో మాత్రం గంటకి తక్కువ మాట్లాడేవారు కాదు. ఒక్క బ్రేకు డ్రమ్ము గురించి మా వంట మాడిపోయేదాకా చెప్పగలిగే మనిషి.

తర్వాత ఫోను ఎత్తడం మానేశారు. కొన్ని నెలలు చూశాక ఒకరోజు ఒక ఆడగొంతు పలికింది. "సారుకు బాగలేదు. మీ బండి విప్పేసి ఉన్నది, మీరు తీస్కపోండ్రి. సోమవారం నాడు మేస్త్రి ఒస్తడు, ఆ జాగ ఖాళీ చెయ్యాలె. లేకుంటె పాత సామానోనికి ఏస్త."

కాలేజీకి దసరా సెలవులు ఇచ్చిన మర్నాడు బస్సెక్కాను.

అమీర్‌పేట

మా జిల్లా నుంచి వచ్చే బస్సులు తెల్లవారగానే జనాన్ని అమీర్‌పేట రోడ్డు మీద దింపి పోతాయి. దిగినవాళ్ళలో సగం మంది పిల్లలు. వీపున సంచీ, చేతిలో పచ్చడి సీసాల అట్టపెట్టె. మెట్రో స్తంభాల నిండా కోర్సుల కాగితాలు. ఒకదాని మీద ఒకటి అంటించి అంటించి అట్టలా గట్టిపడ్డాయి. లాడ్జి రేట్లు అడిగి, పక్క సందులో ఉన్న ఆడపిల్లల హాస్టలుకి వెళ్ళాను. రోజుకి ఐదు వందలు, రెండు పూటలా భోజనం. నా వయసు చూసి వార్డెన్, "పాపని చేర్పించడానికి వచ్చారా అమ్మా?" అంది. ఆవిడది గుంటూరు వైపు. చేరేది నేనే అన్నాక ఒకసారి కళ్ళజోడు సర్దుకుని తాళం ఇచ్చింది.

గదిలో ఇంకో మంచం స్రవంతిది. జగిత్యాల పిల్ల, సాఫ్ట్‌వేరు టెస్టింగు నేర్చుకుంటోంది. "మీరేం కోర్సు మేడం?" అని అడిగింది.

"విప్పేసిన కారుని మూటగట్టడం" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "దాంట్ల ప్లేస్‌మెంట్ ఉన్నదా?" అంది.

అమీర్‌పేటలో ఏ చదువుకైనా అదే మొదటి ప్రశ్న. మా ఊళ్ళో మొదటి ప్రశ్న, "ఎవరి తాలూకు?" రెండింటిలో ఏది మేలో నేను తేల్చుకోలేదు.

పంజాగుట్ట సందు

షేర్ ఆటోలో నా సంచులు నా ఒళ్ళోనూ, పక్కాయన మోచేయి నా పక్కటెముకల్లోనూ ఉండగా పంజాగుట్ట చేరాను. పెద్ద రోడ్డు వదిలి ఎర్రమంజిల్ వైపు రెండు మలుపులు తిరిగితే రోడ్డు చప్పుడు తగ్గుతుంది. డాబా ఇల్లు, మేడ మీద ఒక వాటా. పక్కనుంచి కారు పట్టేంత దారి, వెనక రేకుల షెడ్డు.

తలుపు తీసినావిడ నర్సయ్య గారి భార్య, అనసూయ గారు. యాభై అయిదు దాటిన మనిషి. పసుపు రాసిన గడప మీద నిలబడి నన్ను, సంచుల్ని ఒకేసారి చూసింది. "ఒచ్చిండ్రా. రాండ్రి. చాయ్ తాగినంక చూస్తరా, ఇప్పుడే చూస్తరా?"

"ఆయనకి ఏమైందండీ?"

"పెరాలిసిస్ కొట్టింది. కుడి చెయ్యి ఒస్తలేదు. కాలు జర నయం. మాట పడిపోయింది." బజారు ధరలు చెప్పినట్టు చెప్పింది. "మేడ మీద ఉంటం మేము. ఆయన మెట్లెక్కలేడు. ముంగటి గదిల కుర్చీల పండుతున్నడు. అందుకే షెడ్డుల గది, బాత్రూం కట్టిపిస్తున్న."

షెడ్డులో నా హెరాల్డ్ ఉంది. సగం. చట్రం కొత్తది, దాని మీద బాడీ కూచుని ఉంది. లేత మీగడ రంగు, నేనడిగిన రంగే. బానెట్టు లేదు. ఇంజను పేగుల్లాగా బయటికి కనిపిస్తోంది. తలుపులు గోడకి ఆనించి ఉన్నాయి. బల్ల నిండా బిస్కట్ డబ్బాలు, పాలపొడి డబ్బాలు. ఒక్కొక్క దానిలో బోల్టులు, స్ప్రింగులు, నేనెప్పుడూ చూడని ఇత్తడి ముక్కలు. ఎక్కడా ఒక చీటీ లేదు. ఏది ఎక్కడిదో ఆయన ఒక్కరికే తెలుసు.

ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూచుని ఉన్నారు. సన్నటి మనిషి, బనీను, లుంగీ. ఎడమ చేతిలో కర్ర. నేను నమస్కారం పెట్టి, "తణుకు భారతినండీ, హెరాల్డ్" అన్నాను. ఆయన ముఖంలో ఒక వైపు మాత్రం కదిలింది.

"గదే" అన్నారు.

మేము "అదే" అనేదాన్ని ఇక్కడ అలా అంటారు. "ఆ ఒక్క మాటనే ఉన్నది" అంది అనసూయ గారు. "ఆకలి అయితె గదే. టీవీ బందు చెయ్యమంటె గదే. నన్ను పిలిచినా గదే."

సంచి విప్పి మొదటి డబ్బా దానిలో వెయ్యబోయాను. ఆయన కర్ర కింద పడేసి ఎడమ చేత్తో ఆ డబ్బా లాక్కున్నారు. ఒళ్ళో పెట్టుకుని, మీద అరచెయ్యి కప్పారు. రెండో డబ్బా తీస్తే అదీ కావాలన్నారు. ఒళ్ళో జాగా అయిపోయేసరికి నేను ఆగిపోయాను.

"గట్లనే చేస్తడు" అంది ఆమె. "మొన్న పాత సామానోడు ఒస్తె ఆని తూకం తరాజు గుంజిండు."

ఆయన నా వైపు చూసి, కర్ర అందుకుని, దాని కొసతో ఇంజను మీద రెండుసార్లు కొట్టారు. "గదే. గదే."

తీసుకుపో అన్నట్టు లేదు. ఇక్కడే బిగించు అన్నట్టుంది. సోమవారానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. మూటగట్టి తీసుకుపోతే తణుకులో దాన్ని మళ్ళీ కారుగా చేసేవాళ్ళెవరూ లేరు. ఇక్కడే బిగిద్దామనుకున్నాను. జాలితో తీసుకున్న నిర్ణయం కాదని చెప్పాలి. నాకు కారు కావాలి. అది ఎలా కలుస్తుందో తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు, ఆయనకి ఒకటే మాట ఉంది.

"సోమవారం లోపల తీసేస్తానండీ" అన్నాను అనసూయ గారితో.

"మీ ఇష్టం. మేస్త్రి మాత్రం ఆగడు" అని ఆమె లోపలికి పోయింది.

ఒక మాట, చాలా అర్థాలు

పని ఇలా సాగింది. నేను ఒక డబ్బా ఆయన ముందు పెడతాను. ఆయన ఎడమ చేత్తో కెలికి ఒక బోల్టు తీసి నా చేతిలో పెట్టి, కర్రతో అది వెళ్ళాల్సిన చోటు చూపిస్తారు. పొట్టిగా "గదే" అంటే సరే. సాగదీసి "గదే..." అంటే ఇంకొంచెం బిగించు. రెండుసార్లు వెంటవెంటనే అంటే అది కాదు, పక్కది. ముక్కుతో అంటే నీకు బుద్ధి లేదు. మొదటి రోజు ఎక్కువగా ముక్కుతోనే విన్నాను.

ఫోనులో గంటలు మాట్లాడిన మనిషి ఇప్పుడు ఇంత తక్కువలో ఇంత చెప్పడం చూసి ఆశ్చర్యపడ్డాననుకోకండి. నాకు ఎక్కువగా అనిపించింది నడుం నొప్పి.

మధ్యాహ్నం అనసూయ గారు, "కూర తింటరా?" అని అడిగింది. "తింటానండీ, ఏ కూరైనా ఇష్టమే" అన్నాను. పళ్ళెంలో మాంసం వచ్చింది. ఇక్కడ కూర అంటే మాంసమేనని నాకు అప్పుడు తెలిసింది. మాకు కూర అంటే వంకాయ. శాకాహారినని చెప్పలేక చెప్పాను. ఆమె పళ్ళెం తీసేసి, ఐదు నిమిషాల్లో పచ్చిపులుసు కలిపి, సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టె వేడిచేసి పెట్టింది. పచ్చిపులుసు మేమూ చేస్తాం, కానీ బెల్లం వేస్తాం. ఇక్కడ బెల్లం లేదు, నువ్వులపొడి ఉంది. రెండు గ్లాసులు తాగాను. "ముందుగాల చెప్పాలె గదా" అని ఆమె మొదటిసారి కొంచెం నవ్వింది.

ఆయనకి ఆమే తినిపించింది. ఎడమ చేత్తో తినగలరు కానీ సగం మీద పడుతుందిట. తినిపిస్తూ షెడ్డు వైపు చూసి నాతో అంది: "ముప్పై ఏండ్లు గా షెడ్డుకే బువ్వ పంపిన. ఇప్పుడు ఇంట్ల కూసోని తింటున్నడు. దేవుడు గిట్ల తీర్చిండు నా కోరిక."

బోరబండ

బానెట్టు బోరబండలో సొట్టలు తీసే డెంటర్ మల్లేశ్ దగ్గర ఉందని అనసూయ గారు చెప్పింది. ఆయన కొట్టు ఒక అరుగు, ఒక వేపచెట్టు, చుట్టూ వంగిన తలుపులు. నన్ను చూడగానే, "నర్సన్న బండా? ఎప్పుడో తయారు పెట్టిన, ఎవ్వల్ రాకపాయె" అన్నాడు. "అన్న ఎట్లున్నడు?"

చెప్పాను. సుత్తి కింద పెట్టాడు. "నా దగ్గరికి ఒచ్చి తిట్టుడే తిట్టుడు. గీత ఒంకర పోయిందంటడు, నాకు కనవడది. మల్ల చూస్తె నిజమే ఉంటది. గసొంటి మనిషికి నోరు లేకుంటె ఎట్ల?" అన్నాడు. పైసలు అడగలేదు. బానెట్టు తానే మోసి ట్రాలీ ఆటోలో పెట్టాడు.

ట్రాలీకి ఆరు వందలు. డ్రైవరు అబ్బాయి ఆ వంపు తిరిగిన ఇనుమును చూసి, "ఏంది మేడం గిది, విమానం ముక్కనా?" అన్నాడు. ముందు సీట్లో అతని తమ్ముడు ఉన్నాడు కాబట్టి నేను వెనక, బానెట్టు పక్కన కూచున్నాను. సగం దూరంలో వాన మొదలైంది. హైదరాబాదు వాన మా వాన లాగా ముందు చెప్పి రాదు. నేను బానెట్టు కిందకి దూరాను. పెద్ద పడవ బోర్లించినట్టుంది, హాయిగా పట్టాను. దీపం పెట్టే గుండ్రటి రంధ్రంలోంచి బయటికి చూశాను.

అమీర్‌పేటని నేను బాగా చూసింది ఆ రంధ్రంలోంచే. మెట్రో కింద వరసగా నిలబడ్డ బైకులవాళ్ళు. తలల మీద ఫైళ్ళు పెట్టుకుని పరిగెత్తే పిల్లలు. మొక్కజొన్న పొత్తుల బండి మీద గొడుగు పట్టుకుని, తాను తడుస్తున్న ముసలమ్మ. సిగ్నల్ దగ్గర ఒక స్కూటరాయన వంగి రంధ్రంలోకి చూసి, అందులో నా కన్ను చూసి, కెవ్వుమన్నాడు. పచ్చ లైటు పడింది. నేను క్షమాపణ చెప్పుకునే వీలు లేకపోయింది.

సాయంత్రం లెక్కలు

మర్నాటికి తీగలు, కార్బరేటరు, బ్యాటరీ బిగించాం. మధ్యాహ్నం తాళం తిప్పాను. ఇంజను తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు చేసి ఆగింది. పక్కింటి మేడ మీద పావురాలు లేచాయి. మళ్ళీ తిప్పాను, మళ్ళీ పేలింది. నర్సయ్య గారు "గదే గదే గదే" అని కర్ర నేలకేసి కొట్టారు. ఏది కాదో చెప్పలేక ఆయన మెడ నరాలు ఉబ్బాయి. కుర్చీలోంచి లేవబోయి తూలారు. నేను పట్టుకున్నాను. కుడి చెయ్యి నా భుజం మీద బరువుగా, ఎవరో పెట్టి మరిచిపోయిన వస్తువులా పడింది. అప్పటికి చాలనుకుని ఆయన్ని ముందు గదిలోకి తీసుకొచ్చాం.

ఆ సమయానికి రోజూ ఆమె ఆయనకి మాటల అభ్యాసం చేయిస్తుంది. ఆస్పత్రిలో నేర్పారట. వారాల పేర్లు, అంకెలు, ఒక వరసగా ఉన్నవైతే నోటికి తొందరగా వస్తాయట. నేను చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మం దగ్గర కూచున్నాను.

"చెప్పు. ఒకటి."

"ఒ...కటి."

"రెండు."

ఆయన తల అడ్డంగా ఊపారు.

"రెండు అను. ఒకటి, రెండు."

"ఒకటి" అన్నారాయన. నోరు కొంచెం వంకరగా కదిలింది. "మూడు. నాలు. రెండు."

"మల్ల తప్పు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నా వైపు తిరిగి, "రోజు గిదే తప్పు. డాక్టరు ముందల సుత గిదే చెప్పిండు. అంకెలు మొత్తం పోయినయ్ అన్నడు డాక్టరు. ముప్పై ఏండ్లు ఇంచులు, మిల్లీమీటర్లు గీసిన మనిషికి నాలుగు దాకా లెక్క వస్తలేదు" అంది.

"ఒకటి మూడు నాలు రెండు" అన్నారాయన మళ్ళీ, ఈసారి గబగబా, నా వైపు చూసి.

రోజూ ఒకే తప్పా? నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

ఇంజనులో నాలుగు సిలిండర్లుంటాయి. వాటిలో నిప్పు పక్కపక్కన వరసగా పడదు. అలా పడితే ఇంజను ఒక వైపుకి కొట్టుకుంటుంది. అందుకే మార్చి మార్చి పడుతుంది. ఈ సంగతి నేనెప్పుడో చదివాను, వరస మాత్రం గుర్తులేదు. ప్లగ్గులకి వెళ్ళే నాలుగు తీగల్ని నేను ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పక్కపక్కనే పెట్టాను. అందుకే తుపాకీ పేలింది.

"నర్సయ్య గారూ, నిప్పు పడే వరసా ఇది?" అని అడిగాను.

ఆయన ఎడమ చేతి చూపుడు వేలు పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పారు, గడియారానికి ఎదురు దిక్కున. తీగల్ని ఎటు నుంచి ఎటు పెట్టాలో కూడా చెప్పేశారు.

అనసూయ గారికి వివరించాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆయనకి లెక్క పోలేదు, ఇన్నాళ్ళూ సరిగ్గానే చెబుతున్నాడు, అని. ఆమె ఆయన వైపు తిరిగింది.

"అంటె నేను ఇంట్ల కూసోవెట్టి ఒకటి రెండు అంటుంటె, నువ్వు షెడ్డులనే ఉన్నవా?" అంది. "పానం పోయెటప్పుడు సుత గా బండ్లేనా నర్సయ్యా? నన్ను పిలవనీకె ఒక్క మాట రాదు. గా వరస మాత్రం ఒచ్చిందా?"

ఆయన తల దించుకున్నారు. ఆమె లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది. నేను సంచీ తీసుకుని హాస్టలుకి వచ్చేశాను. స్రవంతి ఏదో పరీక్షలో తప్పానని గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నేను దీపం ఆర్పేశాను.

షెడ్డులో ముగ్గురం

పొద్దున వెళ్ళేసరికి అనసూయ గారు పాత నూలు చీర కట్టుకుని, కొంగు నడుముకి దోపి, షెడ్డులో నిలబడి ఉంది. ఆయన కుర్చీ అప్పటికే బండి పక్కన ఉంది.

"ఏది పట్టుకోవాలె?" అంది.

"మీకెందుకండీ శ్రమ."

"జల్ది అయితె జల్ది పోతది" అంది. ఆమె ముఖంలో ఇంకేమీ కనబడలేదు.

తీగలు మార్చాం. ఆయన కర్రతో ఒక్కో ప్లగ్గూ తాకి "ఒకటి" అన్నారు. "మూడు" అన్నారు. ఆమె ఆ తీగని నొక్కింది. "నాలు." నొక్కింది. "రెండు." నొక్కింది. ఈసారి తప్పని ఆమె అనలేదు.

తాళం తిప్పాను. ఇంజను దగ్గి, తెల్లటి పొగ కక్కి, పట్టుకుంది. పెద్ద చప్పుడు, ఎగుడుదిగుడుగా. ఆయన కళ్ళు మూసుకుని చెవి ఒరగేసి విన్నారు. వేలితో నా చేతిని కార్బరేటరు మీది స్క్రూ దగ్గరికి తీసుకెళ్ళారు. పావు తిప్పు. ఇంకొంచెం. వెనక్కి. ఆ చప్పుడు సన్నబడి, సమంగా, మిషను కుట్టినట్టు అయింది. పక్కింటాయన పిట్టగోడ మీంచి తొంగిచూసి పొగ గురించి ఫిర్యాదు చెయ్యబోయి, నర్సయ్య గారిని చూసి ఆగి, "అన్నా, నడిచిందా?" అన్నాడు.

"గదే" అన్నారాయన. పొట్టిగా.

ఆ తర్వాతి రెండు రోజులూ తలుపులు, సీట్లు, అద్దాలు. తలుపు ఎత్తి పట్టుకునేది ఆమె. మడతబందులు బిగించేది నేను. ఆయన బాగున్న రోజుల్లో ఆమె ఎప్పుడూ ఆ షెడ్డులోకి అడుగు పెట్టలేదట, బువ్వ కూడా గుమ్మం దగ్గరే పెట్టేదట. "ఇంత చల్లగ ఉంటది లోపల అనుకోలే" అంది ఒకసారి. ఇంకోసారి, ఒక డబ్బాలో బోల్టు వెతుకుతూ ఆయన తియ్యబోయే లోపే సరైనది తీసిచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆమె వైపు చూశారు. దాన్ని నా చేతిలో పెట్టారు. మల్లేశ్ ఒక పూట వచ్చి బానెట్టు కూర్చోబెట్టి పోయాడు. ఎడమ అంచున వేలు పట్టేంత సందు మిగిలింది. నర్సయ్య గారు ముక్కుతో "గదే" అన్నారు. "చూసినవా, తిట్టిండు!" అని మల్లేశ్ సంబరపడి, ఆ సందు సరిచేసిగానీ కదల్లేదు.

చౌరస్తా

ఆదివారం పొద్దున్న బండి రోడ్డెక్కింది. నేను నడిపాను. ఆయన ముందు సీట్లో, కర్ర మోకాళ్ళ మధ్య. అనసూయ గారు వెనక ఇరుకులో ఒక పక్కకి ఒదిగి కూచుంది. ఈ ఇంట్లో తయారైన ఏ బండిలోనూ ఆమె ఎక్కలేదట. "ఎక్కమని ఎవ్వల్ అడగలే" అంది. ఆయన రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు.

అమీర్‌పేట దాకా వెళ్ళాం. మిరపకాయ బజ్జీలు కొనుక్కుని బండిలోనే తిన్నాం. జనం ఆగి ఫోటోలు తీసుకున్నారు. ఒక పెద్దాయన బానెట్టు నిమిరి, తన పెళ్ళి ఊరేగింపు ఇలాంటి బండిలోనే అయిందని చెప్పి, చెమర్చిన కళ్ళతో పోయాడు. తిరిగి వస్తూ పంజాగుట్ట చౌరస్తాలో, ఫ్లైఓవరు కింద, సరిగ్గా పచ్చ లైటు పడ్డప్పుడు ఇంజను ఆగింది. పొద్దున సీసాతో పోసిన పెట్రోలు అయిపోయిందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం తాళం తిప్పడం తప్ప ఏమీ తోచలేదు. వెనక సిటీ బస్సు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. డ్రైవరు కిటికీలోంచి ఏదో అరిచాడు. బస్సు ఒక అడుగు ముందుకి జరిగింది.

నర్సయ్య గారు కిటికీలోంచి తల బయట పెట్టారు. వెనక్కి తిరిగారు.

"నీ యవ్వ, ఆగు బే! బండి ఆగింది కనవడ్తలేదారా, కండ్లు నెత్తి మీద పెట్టుకున్నవా!"

గొంతు కొంచెం ముద్దగా ఉంది. కానీ ఒక్క మాట తడబడలేదు. బస్సు డ్రైవరు నిజంగానే ఆగాడు.

నేను ఆయన వైపు తిరిగాను. ఆయన కూడా నా అంత ఆశ్చర్యంలోనే ఉన్నారు. వెనక నుంచి అనసూయ గారు ముందుకి వంగి ఆయన భుజం పట్టుకుంది.

"మల్ల అను" అంది. "ఏదన్న అను. నన్ను తిట్టు. మల్లొక్కపారి అను."

ఆయన నోరు తెరిచారు. పెదవులు కదిలాయి. చుట్టూ అందరి హారన్లూ మోగుతున్నాయి. ఆయన మళ్ళీ ప్రయత్నించారు. మెడ నరం లేచింది. "గ..." అన్నారు. "గదే."

ఆమె చెయ్యి తియ్యలేదు. ఆయన తన ఎడమ చేతిని అడ్డంగా తెచ్చి ఆ చేతి మీద పెట్టారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి, ఎవరో ఇద్దర్ని కేకేసి, బండిని పక్కకి నెట్టించాడు. "ఎన్నటి బండి మేడం? మస్తుగున్నది" అన్నాడు. నేను పెట్రోలు తెచ్చేదాకా వాళ్ళిద్దరూ అలాగే ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో, మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. తిరిగొచ్చేసరికి ఆమె కొంగుతో ఆయన గడ్డం మీది బజ్జీ పిండి తుడుస్తోంది.

తిరుగు దారి

సోమవారం పొద్దున మేస్త్రి కంటే ముందు లారీ వచ్చింది. కొత్తగా బిగించిన బండిని అంత దూరం నడిపే ధైర్యం నాకు లేదు. గోనె సంచులు చక్రాల కింద అడ్డం పెట్టడానికి పనికొచ్చాయి. నర్సయ్య గారు బయటికి రాలేదు. ముందు గదిలో కిటికీకి వీపు పెట్టి కూచున్నారు. "ఏ బండి పోయినా గంతే. పోతుంటె చూడడు" అంది అనసూయ గారు. నేను లోపలికి వెళ్ళి, "వెళ్ళొస్తానండీ" అంటే ఆయన తల ఊపారు. నా చేతిలో ఒక సర్వపిండి పొట్లం పెట్టి ఆమె షెడ్డు వైపు నడిచింది. మేస్త్రి అక్కడ దారం పట్టుకుని కొలుస్తున్నాడు. ఖాళీ అయిన నేల మీద నూనె మరకలు మాత్రం ఉన్నాయి.

హాస్టలు గదిలో స్రవంతి లేదు. ఆ అమ్మాయికి ఇమ్మని, నేను తెచ్చుకున్న పచ్చడి సీసా వార్డెన్‌కి ఇచ్చి బస్సెక్కాను.

హెరాల్డ్ ఇప్పుడు మా సందులో ఉంది. బాగానే నడుస్తోంది. చలికి ఒక్కోసారి మొరాయిస్తుంది. హైదరాబాదులో ఏమేం చూశావని అడిగినవాళ్ళకి షెడ్డు, బోరబండ, ఒక చౌరస్తా అని చెబుతున్నాను. చాలామందికి అది చాలదు.

పోయిన వారం అనసూయ గారికి ఫోను చేశాను. గది పూర్తయిందిట. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు పెట్టించిందిట. ఆయనకి ఇంకో రెండు మూడు మాటలు వచ్చాయిట, "నీళ్ళు" వాటిలో ఒకటి. ఆమె పేరు ఇంకా రాలేదు.

"తలుపు కాడ లొల్లి అయింది అక్కా" అంది. అక్క అని పిలవడం ఎప్పుడు మొదలుపెట్టిందో గమనించలేదు. "షెడ్డు తలుపు అంత పెద్దగ ఎందుకని మేస్త్రి ఇటుకలు పెట్టి మూస్త అన్నడు. మనిషి పట్టేంత ఉంటె చాలు గదా. ఈయన కుర్చీ తీస్కపోయి సరిగ్గ దారిల ఏస్కొని కూసున్నడు. లేవడు. తిననీకె సుత లేవలే. మేస్త్రి ఒక పూటంత బీడీలు తాగిండు."

"మరేం చేశారు?"

"ఏం చేస్త? మూయకు, ఉండనియ్ అని చెప్పిన. మంచం గోడకు జరిపిన. నా మంచం సుత కిందికే తెచ్చుకున్న, దాని పక్కన వేసిన. ఇంకా సగం గది అట్లనే మిగిలింది."

"ఆ సగంలో ఏం పెట్టారు?"

"ఏం పెట్టలే. మల్లేశ్ కాడ ఒక బండి ఉన్నదంట, తుక్కు తుక్కు అయింది. నర్సన్నకు చెప్పు అన్నడు. నేనింకా చెప్పలే. రేపు చెప్త."